ఆగిన బండిలో డ్రైవరుగారు

నల్లకళ్ళజోడు పెట్టుకుని, గోడ తడుముకుంటూ కంటి ఆసుపత్రి మెట్లు దిగి, మా కారు ముందు తలుపు తీసి కూలబడ్డాక గానీ పక్క సీట్లో మనిషి ఉన్నాడని తెలియలేదు. మేనల్లుడే అనుకున్నాను.

"ఒరే, ఆ డాక్టరు నా కంట్లో పోసింది మందు కాదురా, సున్నం తేట," అన్నాను.

"మందేనండి. సాయంత్రానికి తేలికపడుతుంది. అందరూ ఇలాగే అంటారు," అంది పక్క సీటు, మా మేనల్లుడిది కాని గొంతుతో.

ఉలిక్కిపడి అటు తిరిగాను. తిరిగి లాభమేముంది? మందు వేసిన కళ్ళకి లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టుంది. స్టీరింగు వెనకాల ఓ నీలం చొక్కా, దాని మీద ఓ నల్లటి గుండ్రం. కొబ్బరినూనె వాసన. నాకు అందింది అంతవరకే.

"ఎవరయ్యా నువ్వు?"

"కూర్చునేవాణ్ణండి."

"కూర్చున్నావని తెలుస్తూనే ఉంది. ఏం చేస్తుంటావు?"

"అదేనండి చేసేది. కూర్చుంటాను."

కాళ్ళు కుదురుగా ఉండని జన్మ నాది. ఎన్నో ఊళ్ళు తిరిగాను, ఎన్నో వృత్తులవాళ్ళని చూశాను. చెవుల్లో గులిమి తీసి బతికేవాణ్ణి చూశాను. విరిగిన గొడుగుల ఊచలు మాత్రమే కొనేవాణ్ణి చూశాను. ఒకచోట రైల్వే స్టేషన్లో డబ్బు పుచ్చుకుని జనాన్ని నిద్రలేపేవాడొకడుండేవాడు; వాణ్ణి లేపడానికి వాడి పెళ్ళాం ఉండేది. కానీ కూర్చోవడమే పనిగా ఉన్నవాణ్ణి, ఆఫీసుల్లో తప్ప, అంతవరకూ చూసింది లేదు.

నిజానికి మేం ఆ ఊళ్ళో దిగాల్సిన అవసరమే లేదు. ఎక్కడికో పోతున్నాం. కారు కిటికీ దించి మొహం బయటపెట్టడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. ఏదో పురుగు గురి చూసి కొట్టినట్టు కంట్లో పడింది. నేను పెట్టిన గోల భరించలేక మేనల్లుడు కనపడిన మొదటి కంటి ఆసుపత్రి ముందు కారాపి నన్ను లోపలికి లాక్కెళ్ళాడు. పురుగుని తీసేశారు. మందుల దగ్గర క్యూ పెద్దదిగా ఉంటే, "కారు గేటుకెదురుగానే ఉంది, వెళ్ళి కూర్చో మామయ్యా, ఎక్కడికీ తిరగబోకు," అని వాడు నన్ను బయటికి పంపాడు. కారులో ఒక మనిషిని పెట్టి వచ్చానన్న ముక్క మాత్రం చెప్పడం మరిచిపోయాడు.

"ఇక్కడ బోర్డుంది సార్," అన్నాడు నీలం చొక్కా. "బండి ఆగొచ్చు, పెట్టకూడదు. మీ అబ్బాయి మిమ్మల్ని దించి అలా వదిలేసి వెళ్ళిపోబోతుంటే నేనే పరిగెత్తుకెళ్ళి అడిగాను. బాబూ, మీరు ఆగుతున్నారా, పెడుతున్నారా అని."

"వాడేమన్నాడు?"

"రెండిటికీ తేడా ఏంటన్నారు. కొత్తవాళ్ళంతా అదే అంటారు. క్రేను బండి వచ్చి ఎత్తుకుపోయాక తెలుస్తుంది తేడా."

తేడా ఏమిటో ఆ తర్వాత అతను నాకు చాలా ఓపిగ్గా చెప్పాడు. బండిలో స్టీరింగు వెనక మనిషి ఉండి, తాళం దాని చోట అది ఉంటే, ఆ బండి ఆగినట్టు. ఎక్కేవాళ్ళు ఎక్కొచ్చు, దిగేవాళ్ళు దిగొచ్చు. మనిషి తాళం తీసుకుని దిగిపోయాడా, అదే బండి, అదే చోటు, అదే నిమిషం, పెట్టినట్టయిపోతుంది. క్రేనువాళ్ళు మనిషి ఉన్న బండిని ఎత్తరు. ఎత్తితే మనిషిని కూడా స్టేషనుకి మోసుకుపోవాలి, అక్కడ అతనికి కుర్చీ వెయ్యాలి, అతను అరుస్తాడు, అదంతా పెద్ద తలనొప్పి. కాబట్టి ఆసుపత్రికి వచ్చేవాళ్ళు దిగి లోపలికి పోతారు. వాళ్ళ బదులు ఇతను చిల్లర పుచ్చుకుని కూర్చుంటాడు. బండి ఆగే ఉంటుంది.

నాకు ముచ్చటేసింది. వ్యాకరణం చదువుకున్న రోజుల్లో అకర్మక క్రియ, సకర్మక క్రియ అని మా మాస్టారు బెత్తంతో నేర్పారు. ఆగడానికి కర్మ అక్కర్లేదు, పెట్టడానికి కావాలి. పెట్టడమనే మాటలోనే ఉంది, పెట్టినవాడు పక్కకి పోతాడని. గొడుగు ఎక్కడ పెట్టావు అంటాం, కళ్ళజోడు ఎక్కడ పెట్టావు అంటాం; అంటే పెట్టి మరిచిపోయావనే కదా అర్థం. గొడుగు ఎక్కడ ఆగింది అని ఎవరూ అడగరు. ఈ సంగతి మా మాస్టారు ఒక్క క్రేను బండిని చూపించి చెప్పి ఉంటే నాకు ఆ బెత్తం దెబ్బలు తప్పేవి.

"మరి నువ్వు నిద్రపోతే?" అని అడిగాను.

"అబ్బో! ఆ కేసు మొదటేడే అయిపోయింది సార్. ఇక్కడ ఓ పాత కానిస్టేబులుండేవారు. మంచాయన, పాపం కీళ్ళవాతం. ఆయన అద్దం మీద కొట్టి, నిద్రపోయినవాడు లేనివాడితో సమానం, బండి పెట్టినట్టే అన్నారు. నేను, అయ్యా, కలలో కూడా స్టీరింగు పట్టుకునే ఉన్నాను అన్నాను. ఆయన రోజంతా ఆలోచించి సాయంత్రమొచ్చి, కునుకైతే ఆగినట్టు, గురకైతే పెట్టినట్టు అని తేల్చారు."

అలా వాళ్ళిద్దరూ ఆ ఆసుపత్రి గేటు ముందు ఒక ధర్మశాస్త్రమే తయారుచేసుకున్నారు. ఒకసారి ఓ ముసలావిడ కారు దిగుతూ ఒక కాలు నేల మీద పెట్టి, రెండో కాలు లోపలే ఉంచి, ఎదురైన చుట్టపావిడతో కోడలి సంగతులు మొదలుపెట్టిందట. వెనక బండ్లన్నీ హారన్లు. ఇది దిగడమా, దిగకపోవడమా? లోపలి కాలు లోపలున్నంతసేపూ దిగుతున్నట్టే లెక్క అని ఇతని వాదన. బయటి కాలి సంగతేంటి అని కానిస్టేబులు వాదన. ఇద్దరూ తెగని వాదనలో ఉండగా కోడలి సంగతులే అయిపోయాయి, రెండో కాలు దానంతటదే దిగింది. ఇంకోసారి సామాన్ల కొట్టువాడొకడు బీరువా దించుతున్నానని ఆపి, ఒక్కో అర తీసి లోపలికి మోసి, మధ్యలో టీ తాగి వచ్చి, మళ్ళీ ఇంకో అర. "టీ తాగినంతసేపూ పెట్టినట్టు, అర మోసినంతసేపూ ఆగినట్టు," అని తీర్పు.

ఇదంతా చెబుతున్నాడే గానీ మనిషి స్థిమితంగా లేడు. మాటిమాటికీ అద్దంలోకి తొంగిచూస్తున్నాడు, సీట్లో జరుగుతున్నాడు. నాకు కళ్ళు కనపడకపోయినా సీటు స్ప్రింగులు వినపడుతున్నాయి.

"ఏమయ్యా, అంత కంగారేంటి?"

"ఆ కానిస్టేబులుగారు రిటైరైపోయారు సార్. కొత్తగా ఓ ఆఫీసరమ్మ వచ్చింది. చిన్నావిడే, కానీ మహా గట్టిది. నిన్న పక్కవీధిలో నాలాంటివాణ్ణే పట్టుకుని, బండి తియ్యి చూద్దాం అందట."

"తీస్తే సరి."

అతను కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఆసుపత్రి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. తర్వాత నా చెవి దగ్గరికి వంగాడు.

"నాకు డ్రైవింగు రాదు సార్."

నవ్వు ఆగలేదు. నల్లకళ్ళజోడు కిందనుంచి నీళ్ళు కారేదాకా నవ్వాను. డాక్టరు కన్ను నలపొద్దన్నాడు గానీ నవ్వొద్దనలేదు. ఏళ్ళ తరబడి డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి డ్రైవింగు రాదు!

"నవ్వండి సార్, మీరు పైఊరివారు, నవ్వి వెళ్ళిపోతారు," అన్నాడు, కోపం లేకుండానే. "మా బావమరిదికి తెలిస్తే నా బతుకు స్టూలే."

"స్టూలేంటి?"

అప్పుడు చెప్పాడు తన కథ. వాళ్ళ నాన్న ఓ గోదాము గేటు దగ్గర వాచ్‌మన్. కూర్చునే పని. ఆయన పోతూ పోతూ కొడుక్కి కుర్చీ ఒకటి, కూర్చునే ఓపిక ఒకటి ఇచ్చిపోయాడు. కుర్చీకి కాలు విరిగింది, ఓపిక మిగిలింది. దాంతో ఓ పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే ఉద్యోగం దొరికింది. కటకటాల తలుపున్న పాత లిఫ్టు. లోపల మూలగా స్టూలు. రోజంతా పైకీ కిందకీ తిరిగినా తానెక్కడికీ వెళ్ళినట్టుండేది కాదట. పెళ్ళయిన కొత్తలో, లారీ నడిపే బావమరిది అక్కని చూడ్డానికి వస్తూ దారిలో ఆ భవనానికి వచ్చాడు. స్టూలు మీద కూర్చున్న బావని చూశాడు. అంతే. ఆ రోజునుంచీ ఇంట్లో, వీధిలో, ఫోనులో అతని పేరు స్టూలు బావ. "మా స్టూలు బావ లేచాడా?" "స్టూలు బావ ఇంకా ఏ అంతస్తులో ఉన్నాడు?" ఆఖరికి పక్కింటి పిల్లలు కూడా "స్టూలు మామయ్యా" అనడం మొదలెట్టారు.

తర్వాత పాత లిఫ్టు పీకి కొత్తది పెట్టారు. అది తనంతట తనే మాట్లాడుతుంది. "తలుపులు మూసుకుంటున్నాయి అని లోపల్నుంచి ఓ అమ్మాయి గొంతు సార్. అదే ముక్క నేను అన్నేళ్ళూ ఎంత మర్యాదగా చెప్పాను! కళ్ళెదుట మనిషి లేదు, కొట్లాడదామంటే," అన్నాడు. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక ఈ ఆసుపత్రి గేటు పక్క అరుగు మీద కూర్చునేవాడు. ఒకరోజు ఓ డాక్టరు హడావిడిగా వచ్చి, "ఏమోయ్, కాస్త లోపల కూర్చో, క్రేను బండి వస్తోంది," అని తన పెద్ద నల్లకారు తలుపు తీశాడు.

ఇతను కూర్చున్నాడు. అంత మెత్తటి సీటు పుట్టాక ఎరగడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక స్టీరింగు మీద పెట్టుకున్నాడు.

అతని భార్య అదే ఆసుపత్రి క్యాంటీన్లో వంట చేస్తుంది. పొయ్యి దగ్గర కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి ఆ రోడ్డు ముక్క కనిపిస్తుంది. ఆవిడ తల ఎత్తేసరికి మొగుడు నల్లకార్లో, స్టీరింగు పట్టుకుని, రాజాలా ఉన్నాడు. సాయంత్రం ఇతను ఇంటికెళ్ళేసరికి వీధివీధంతా తెలిసిపోయింది. "మా ఆయనకి డాక్టరుగారి దగ్గర డ్రైవరుద్యోగం వచ్చింది!" ఆ రాత్రే బావమరిదికి ఫోను. మొదటిసారిగా ఆ లారీ మనిషి, "బావా, బాగున్నావా?" అన్నాడు. స్టూలు లేకుండా, ఉత్త బావ.

"నేను అబద్ధమాడలేదు సార్," అన్నాడు. "మా ఆవిడ అలా చెప్తుంటే అడ్డు చెప్పలేదు. అంతే."

"మరి ఇన్నేళ్ళూ నీ బండి కదలడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు కదా. అనుమానం రాలేదూ?"

"డ్రైవరంటే ముప్పాతిక ఉద్యోగం కూర్చోవడమే కదండీ. అది తల ఎత్తినప్పుడల్లా నేను వెయిటింగులో ఉంటాను. రోజుకో బండి మారుతుంది. అన్ని రకాల బండ్లూ వచ్చు మా ఆయనకి అనుకుంటుంది, పిచ్చిది. ఒక్కసారి నన్నెక్కించుకుని తిప్పండీ అంటుంది. బండి మనది కాదు కదే అంటాను. అది మాత్రం నిజమే కదండీ." మళ్ళీ తనే, "బావమరిది గేర్ల గురించి మాట్లాడబోయాడొకసారి. మా బండికి గేర్లుండవురా, ఖరీదైన బండి అన్నాను. అదొక్కటీ అబద్ధం," అన్నాడు.

సరిగ్గా అప్పుడే అతను, "వస్తోంది," అన్నాడు. ఆఫీసరమ్మ అనుకున్నాను. కాదు, భార్య. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చింది. నా కళ్ళకి ఆవిడ ఓ గులాబీరంగు మబ్బు. మబ్బులోంచి వేయించిన ఉల్లిపాయల వాసన, గాజుల చప్పుడు, గలగలా మాటలు.

"ఏమండీ, ఇవాళ ఎర్రబండా? బాగుంది, మీకు నప్పింది. ఈ పెద్దాయనెవరు, ఓనరుగారా? నమస్కారమండీ. మా ఆయన నడిపితే కడుపులో చల్ల కదలదండీ, మీకీపాటికి తెలిసే ఉంటుంది."

"అస్సలు కదల్లేదమ్మా," అన్నాను. ఒట్టేసి చెప్పొచ్చు, ఆ మాటలో వీసమెత్తు అబద్ధం లేదు.

ఆవిడ క్యారేజీ కారు కప్పు మీద పెట్టి, కొంగుతో అద్దం తుడుస్తూ ఏదో చెబుతోంది. బావమరిది వస్తున్నాడట, వాడి లారీ అమ్మేసి కారు కొంటాడట, బావని తీసుకెళ్ళి నడిపి చూపించమంటాడట. పక్క సీట్లో స్ప్రింగులు మూలిగాయి. ఇంతలో కిటికీ మీద ఇంకెవరో టకటకా కొట్టారు. తెల్లటి ఆకారం, నిటారుగా. వెనకాల ఎక్కడో క్రేను బండి ఇంజను గుర్రుగుర్రుమంటోంది.

"ఇక్కడ పార్కింగ్ లేదు," అంది ఆఫీసరమ్మ.

"పార్కింగ్ కాదు మేడమ్. ఆగి ఉన్నాం," అన్నాడు ఇతను, అలవాటైన ధీమాతో మొదలెట్టి, చివరికొచ్చేసరికి నీరుగారిపోతూ.

"మీరెవరు?"

"డ్రైవరేనండీ!" అంది భార్య, ఎవరూ అడక్కుండానే. "ఏం, చూస్తే తెలియట్లేదా?"

"అవునా? అయితే తీయమనండి."

"ఆగి ఉన్నాం కదండీ మేడమ్, ఓ నిమిషంలో మావాళ్ళొచ్చేస్తారు..."

"చూడండీ. కదిలేదాన్నే ఆగింది అంటారు. ఆ గోడ ఆగిందని ఎవరన్నా అంటారా? మీ బండి ఆగిందో లేదో నాకు తెలియాలంటే ముందది కదలాలి. కదిలి ఆ బోర్డు దాటితే మీ దారిన మీరు. కదలకపోతే మీరు డ్రైవరు కాదు, బొమ్మ. బొమ్మతో సహా ఎత్తించేస్తాను."

పాత కానిస్టేబులు ఇన్నేళ్ళ తీర్పుల్లో ఒక్కటీ ఇంత పదునుగా లేదు. నేను మనసులో ఆవిడకి దణ్ణం పెట్టాను. పక్కనున్నవాడు మాత్రం స్టీరింగు వదల్లేదు, తాళం ముట్టుకోలేదు. ఆఫీసరమ్మకి చాటుగా నిజం చెప్పుకుంటే వదిలేసేదేమో. కానీ ఎలా చెబుతాడు? కిటికీకి ఇంకో పక్క పెళ్ళాం నిలబడి ఉంది. నిజం చెప్పిన మరుక్షణం ఆ సీటు మెత్తదనం పోతుంది, కింద మళ్ళీ స్టూలు వస్తుంది.

"తియ్యండీ, చూపించండీ ఈవిడకి!" అంది భార్య.

నాకు డ్రైవింగు వచ్చు. కళ్ళు లేవు. అతనికి కళ్ళున్నాయి. అయితే నేనేం చెప్పినా వాళ్ళావిడ వింటుంది. తిరిగినన్ని ఊళ్ళలో నేను నేర్చుకున్నదొకటుంది: వెనక సీట్లోనో పక్క సీట్లోనో కూర్చుని డ్రైవరుని సతాయించే ముసలాడిని చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. గొంతు పెంచాను.

"ఏమయ్యా డ్రైవరూ, నీకెన్నిసార్లు చెప్పాలి? ముందు ఎడం కాలితో ఎడం పెడలు నేలకంటేదాకా తొక్కాలి! తొక్కావా? ఊఁ. ఇప్పుడు తాళం తిప్పు. తిప్పి వదిలెయ్. అలా పట్టుకుని వేలాడతావేం?"

ఇంజను ఉలిక్కిపడి లేచింది. అంతకంటే ఎక్కువ ఉలిక్కిపడ్డాడు మనవాడు.

"చూశారా మేడమ్, ఎలా సతాయిస్తున్నాడో!" అంది భార్య. "ఏమండోయ్ పెద్దాయనా, ఆయనకి మీరు నేర్పేదేంటండీ? బండి ఆయన చేతిలో పెట్టారు కదా, కాస్త ఊరుకోండి!"

"నువ్వూరుకోవే!" అన్నాడతను ప్రాణభయంతో. "పెద్దాయన్ని చెప్పనీ. చెప్పండి సార్, తర్వాత?"

"తర్వాతేంటయ్యా తర్వాత! ఆ కర్రని ఎడమకి లాగి ముందుకి తొయ్. పక్కనున్న హ్యాండుబ్రేకు దించు. దానికో బొత్తాముంటుంది, నొక్కాలి. ఇక ఎడం కాలు నెమ్మదిగా పైకి. నెమ్మదిగా అంటే నీకు అర్థం తెలుసా? పసిపాప మీంచి దుప్పటి తీసినట్టు! కుడికాలు దేని మీదా పెట్టకు. ఆ కాలు నీది కాదనుకో."

కారు ఒకసారి వణికింది. ఒకసారి దగ్గింది. తర్వాత, ఎవరూ నమ్మకపోయినా, కదిలింది.

కదిలిందంటే పరిగెత్తిందని కాదు. భార్య పక్కనే నడుస్తూ వస్తోంది, మాట ఆపకుండా. ఒకచోట మమ్మల్ని దాటిపోయి మళ్ళీ వెనక్కొచ్చింది.

"సార్, ఎదురుగా పళ్ళబండి సార్," అన్నాడతను, నాకు విన్నవించుకుంటున్నట్టు.

"ఉంటే? స్టీరింగు కుడికి. కొంచెం. కొంచెమంటే కొంచెమే! దాటాక మళ్ళీ తిన్నగా. ఇది కూడా నేనే చెప్పాలా?"

"చెప్పాలి సార్."

"ఎంత వినయమో చూడండీ," అంది భార్య పళ్ళబండివాడితో. "అన్నేసి మాటలంటుంటే ఒక్కటీ ఎదురు చెప్పట్లేదు. నేనైతే ఆ ముసలాయన్ని ఎప్పుడో దించేసుందును."

బోర్డు ఎక్కడుందో నాకు తెలియదు. "బోర్డు దాటామా?" అని గొణిగాను.

"దాటుతున్నాం సార్... దాటాం!" అన్నాడు. ఆ గొంతులో ఏదో కొత్తది పలికింది. అంతసేపూ వణికిన మనిషి సీట్లో కాస్త పైకి లేచి కూర్చున్నట్టు స్ప్రింగులు చెప్పాయి. "సార్, అన్నీ వెనక్కి పోతున్నాయి సార్! షాపులన్నీ!"

"పోనీ."

"మరి సార్... ఆపడం చెప్పలేదు!"

బతుకంతా ఆగి ఉండడమే వృత్తిగా బతికినవాడికి ఆపడం తెలియదన్న సంగతి నాకెలా తోస్తుంది? "మధ్య పెడలు!" అని అరిచాను. అతను దాని మీద ఎక్కి నిలబడ్డంత పని చేశాడు. కారు గుర్రంలా ఎగిరి, గింజుకుని, చచ్చూరుకుంది. అంతదాకా కప్పు మీద కదలకుండా వచ్చిన క్యారేజీ జారి, ముందద్దం మీంచి దొర్లుకుంటూ వచ్చి బానెట్టు మీద నిటారుగా నిలబడింది. మూత ఊడలేదు.

"చూశారా, చూశారా!" అని భార్య చప్పట్లు కొట్టింది. "చుక్క పులుసు ఒలకలేదు!"

ఆఫీసరమ్మ నడుచుకుంటూ వచ్చింది. కిటికీ దగ్గర వంగి కాసేపు అతన్ని చూసినట్టుంది. తర్వాత నన్ను. నా నల్లకళ్ళజోడు మీద ఆవిడ చూపు ఇంకాస్త ఎక్కువసేపు నిలిచిందేమో కూడా, నేను చెప్పలేను.

"కదిలింది, ఒప్పుకుంటాను," అంది. "ఈ పెద్దాయన్ని రోజూ ఎక్కించుకుని రాలేరు కదా. ఈసారి కనిపిస్తే లైసెన్సు చూపించాలి."

"చూపిస్తారండీ, దానికేం!" అంది భార్య. ఆఫీసరమ్మ బూట్ల చప్పుడు వెనక్కి వెళ్ళిపోయాక మొగుడి వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ ఒక్కసారన్నా మిమ్మల్ని నడుపుతుండగా చూడాలని ఎంత కోరికో తెలుసా? పొయ్యి వదిలి ఎప్పుడొచ్చినా ఆగే ఉంటారాయె. ఇవాళ చూశాను. తమ్ముడికి ఇప్పుడే ఫోను చేస్తాను. వాడు కారు కొంటే మొదట మీరే నడపాలి, నేను పక్కన కూర్చోవాలి. చల్లారకముందే తినండి," అని, వంటమధ్యలో వదిలొచ్చిన సంగతి గుర్తొచ్చి ఆసుపత్రి వైపు పరుగుతీసింది.

గాజుల చప్పుడు దూరమైంది. అతను దిగలేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి. ఇక అయిపోయిందయ్యా నీ వృత్తి, ఇంటికెళ్ళి నిజం చెప్పేసుకో అని ఓదారుద్దామని నోరు తెరిచాను. అతను అప్పుడన్నాడు:

"సార్, లైసెన్సు ఇవ్వాలంటే ఎంత దూరం నడిపించి చూస్తారు?"

"ఈ మాత్రం చాలదు. గేర్లు మార్చి చూపించాలి."

"బావమరిది కారు కొనడానికి ఇంకా టైముందండి," అన్నాడు తనలో తను. దిగి, బానెట్టు మీది క్యారేజీ తీసుకున్నాడు. నా పక్క కిటికీ దగ్గరికొచ్చాడు. "సార్, రెండో గేరు ఎటుంటుంది?"

"మొదటిది ఎడమకి లాగి ముందుకి తోశావు కదా. అక్కణ్ణుంచి తిన్నగా వెనక్కి లాగు."

"కాలు?"

"గేరు మార్చిన ప్రతిసారీ ఎడం కాలు నేలకంటాలి."

"తిన్నగా వెనక్కి," అన్నాడు.

అప్పుడే మా మేనల్లుడు మందుల సంచీతో రోడ్డు మధ్యలోంచి పరిగెత్తుకొస్తూ అరిచాడు. "మామయ్యా! కారిక్కడికెలా వచ్చింది? ఓయ్, నిన్నే, ఆగవయ్యా, నీకివ్వాల్సింది తీసుకోవా?"

అతను ఆగలేదు. వెళ్ళొస్తానని నాతో అనలేదు, వాడి వైపు తిరగనూ లేదు. క్యారేజీ కుడిచేతిలో పట్టుకుని జనంలోకి నడిచాడు. మేనల్లుడు వింతగా చూస్తూ నాకు చెప్పుకొచ్చాడు: నాలుగడుగులకోసారి ఎడమకాలు గట్టిగా నేలకేసి నొక్కుతున్నాడు, ఎడమచెయ్యి గాల్లో దేన్నో పట్టుకుని తిన్నగా వెనక్కి లాగుతోంది. ఎదురొచ్చేవాళ్ళు చూసి పక్కకి తప్పుకుంటున్నారు. నీలం చొక్కా నా మసక కళ్ళకి అందనంత దూరం పోయేదాకా అలా గేర్లు మారుస్తూనే పోయింది.